పాత బుల్లెట్టు – పాత రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ మనకు ఎందుకు పండుగో వేరే చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన నకారాగారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పెన్షను ప్రభుత్వం దయతో పడేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. ఆ విషయమూ, మన బకాయిల విషయమూ నాకు ముందు మాట్లాడినవారు విపులంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీరు ఆ పాత మోటారు సైకిలు సంగతి చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నారు. ఆ మాట వినగానే ముందు వరుసలో కొందరు నవ్వారు. డెబ్బై దాటినవాడికి మోటారు సైకిలు రిపేరు ఏమిటని వారి అనుమానం కాబోలు. ఆ పనికీ మన సంఘానికీ సంబంధం ఉంది. పని ఎట్లా జరిగిందో చెప్పిన తర్వాత ఆ సంబంధం కూడా మనవి చేస్తాను.

బండి మా బావగారిది. ఆయన రైల్వేలో గార్డుగా చేశారు. 1973 జనవరిలో రిజిస్ట్రేషను అయిన 350 సీసీ బుల్లెట్టు. డ్యూటీ లేని రోజుల్లో ఆ బండిమీద ఇటు గుత్తికీ, అటు ఉరవకొండకూ, బళ్లారికీ తిరిగేవారు. 2004లో ఆయన కాలం చేశారు. అప్పటినుంచీ బండి మా అక్కయ్య ఇంటి వెనక గొడ్లపాకలో ఒక మూలకు చేరింది. మా మేనల్లుడు బెంగుళూరులో ఉద్యోగం. వాడికి దీన్ని చూసే తీరిక లేదు. అట్లా 18 ఏళ్లు గడిచినాయి.

2022లో ఒకనాడు మా అక్కయ్య కబురంపింది. "ఒరే నాయనా, ఆ ఇనుప సామాను కిందికి పాములు దూరుతా ఉండాయి. దాన్ని ఎవరికన్నా తూకానికి ఇచ్చి పారేయండ్రా" అంది. పాత ఇనుము వ్యాపారి వచ్చి చూసి తూకం ధర చెప్పాడు. ఇంకొకాయన నగరంనుంచి ఫోను చేసి, బండి ఎట్లా ఉన్నా ఫరవాలేదు, ఆర్.సి. పుస్తకం ఒరిజినలు ఉంటే చాలు, మంచి ధర ఇస్తానన్నాడు. బండికన్నా కాగితానికి ఎక్కువ ధర ఎందుకో ముప్పై ఆరేళ్లు ఫైళ్ల మధ్య గడిపినవాడికి అర్థం కాకపోదు. ఆ పుస్తకం అడ్డం పెట్టుకుని ఇంకేదో బండిని దీని పేరుమీద నడుపుతారు. అక్కయ్యకు ఆ మాట చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ఇనుపపెట్టెలోంచి ఆర్.సి. పుస్తకం, టాక్సు రసీదులు, పాత ఇన్సూరెన్సు కాగితాలు అన్నీ తీసి నా చేతిలో పెట్టింది. బావగారు ఒక్కటి కూడా పారేయలేదు. తేదీల వరుసలో ట్యాగు కట్టి ఉంచారు. అది చూసిన తర్వాత బండిని తూకానికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. మా ఇంటి వసారాకు తెప్పించాను.

ఇక్కడ ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కలు చెప్పాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ అనేది ఇంగ్లండులో రెడిచ్ పట్టణపు కంపెనీ. ఎన్‌ఫీల్డులోని తుపాకుల కర్మాగారానికి భాగాలు సరఫరా చేసినందువల్ల ఆ పేరు వచ్చింది. 1901లో మొదటి మోటారు సైకిలు చేశారు. బుల్లెట్టు అన్న పేరు 1932లో పెట్టారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత సరిహద్దు గస్తీకని మన సైన్యం 350 సీసీ బుల్లెట్లను ఎన్నుకొన్నది. ఆ అవసరంకొద్దీ 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట అక్కడినుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారు. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారయ్యే స్థితి వచ్చింది. ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతబడింది. తల్లి పోయినా బిడ్డ బతికింది. 1970ల చివరికి మద్రాసులో చేసిన బండ్లు తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి అయినాయి. 1994లో కంపెనీ ఐషర్ వారి చేతికి వచ్చింది. మన వయసువారికి తెలిసిన తక్కిన రెండు బండ్లు, మైసూరులో 1960ల నుంచి 1996 వరకు తయారైన జావా–యజ్డీలు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. ఇక్కడ కూర్చున్నవారిలో రాజ్‌దూత్ మీద గ్రామాలు తిరిగి ఉద్యోగం చేసినవారు పదిమందికి తక్కువ ఉండరు.

బండి వసారాకు చేరిన తర్వాత దాని పరిస్థితి చూశాం. మన అనంతపురం గాలి ఇనుముకు మేలు చేస్తుంది. సముద్రపు ఒడ్డున 18 ఏళ్లు ఉంటే చట్రం చిల్లులు పడిపోయేది. ఇక్కడ వానే తక్కువ, తేమ తక్కువ. పైపైన తుప్పు తప్ప చట్రం గట్టిగా ఉంది. కానీ ఇనుముకు మంచిదైన ఎండ రబ్బరుకూ, తోలుకూ, కార్కుకూ శత్రువు. టైర్లు పగిలి పెచ్చులు ఊడుతున్నాయి. పెట్రోలు పైపు చేత్తో పట్టుకుంటే విరిగింది. సీటు ఎలుకల పాలైంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఎండి జిగురైంది. వైర్లు ఎండి పలుకులయినాయి. పిస్టను సిలిండరులో పట్టేసి ఉంది. కిక్కు రాడ్డు కదలలేదు.

మన ఊళ్లో బుల్లెట్టు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. వయసు నాకన్నా నాలుగేళ్లు ఎక్కువ. పన్నెండో ఏట షెడ్డులో గుడ్డతో బండ్లు తుడిచే పనికి చేరి, అరవై ఏళ్లకు పైగా ఇదే పని చేశాడు. ఉర్దూ, తెలుగు, కన్నడం మూడూ మాట్లాడతాడు. రాయడం మాత్రం సంతకం వరకే. ఆయన వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "సార్, కిక్కు కొట్టొద్దు. పద్దెనిమిదేండ్లు పడుకున్నదాన్ని పది పదైదు రోజులు నానబెట్టాల. తొందరపడితే రాడ్డు వంగుతుంది" అన్నాడు. పని మా వసారాలో చేద్దామనీ, తాను చూపిస్తే నేను చేయాలనీ, కష్టమైన చోట తాను చెయ్యి వేస్తాననీ ఒప్పందం. ఎందుకంటే ఆయనకు అప్పటికే మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేడు. నేను కూర్చోగలను గానీ పని తెలియదు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు.

నాకు తెలిసిన పని ఒక్కటే, రిజిస్టరు రాయడం. 200 పేజీల పొడుగు నోటుబుక్కు కొని గళ్లు గీశాను. వరుస సంఖ్య, భాగం పేరు, ఎక్కడినుంచి విప్పినది, ఏ దిక్కుగా ఉండింది, స్థితి, తీసుకొన్న చర్య, తేదీ. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ ఖాళీ హార్లిక్స్ సీసాల్లో, మందుల సీసాల్లో వేసి, సీసామీద రిజిస్టరు నెంబరు అంటించాను. మా మనవరాలు విప్పకముందు ఒకటి, విప్పిన తర్వాత ఒకటి సెల్‌ఫోనులో ఫొటోలు తీసింది. మేస్త్రీ మొదట్లో నవ్వాడు. "మా షెడ్డులో అన్నీ ఒక తట్టలో వేస్తాం సార్, చెయ్యికి గుర్తుంటుంది" అన్నాడు. ఆయన చెయ్యికి గుర్తుంటుంది. తక్కిన వాళ్ల చేతుల సంగతి వేరు గదా. మొత్తం 312 పద్దులు అయినాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బండి విప్పి చూడు అని కూడా చేర్చవచ్చు.

స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి డీజిలు, ఇంజనాయిలు సమంగా కలిపి పోశాం. రోజూ పొద్దున బండిని టాపు గేరులో వేసి వెనక చక్రాన్ని కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపాలి. బలం ఉపయోగించకూడదు. పన్నెండు రోజులు ఏమీ కాలేదు. పదమూడో రోజు చక్రం వేలెడు కదిలింది. మరి రెండు రోజులకు పిస్టను విడిపోయింది.

విప్పడానికి కూర్చుంటే ఇంకొక చిక్కు. ఈ బండి బ్రిటిషువారి లెక్కన చేసినది. దీని నట్లకు బజారులో దొరికే మిల్లీమీటరు పానాలు సరిగా పట్టవు. వదులుగా పట్టి మూలలు అరగగొడతాయి. దీనికి విట్‌వర్త్ పానాలు కావాలి. ఆ పానామీద ఉండే నెంబరు నట్టు తల కొలత కాదు, లోపలి బోల్టు లావు కొలత. ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? మన గుంతకల్లులోనే దొరికినాయి. ఆవిరి ఇంజన్లకూ అవే కొలతలు. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మన సంఘ సభ్యులొకరు, ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు, తన సొంత పెట్టె తెచ్చి ఇచ్చారు. ఆవిరి ఇంజన్లు పోయినాయి, మీటరుగేజి పోయింది, ఆ పానాలు మాత్రం నూనె గుడ్డలో చుట్టి భద్రంగా ఉన్నాయి. వారికి ఈ సభాముఖంగా కృతజ్ఞతలు.

ఇంజను దించి విప్పితే అసలు జబ్బులు బయటపడినాయి. రెండు పెద్దవి. ఒకటి, కనెక్టింగ్ రాడ్డు కింది బుష్షు అరిగింది. రాడ్డును పక్కలకు ఊపితే కొంచెం ఆట ఉండవచ్చు. పైకీ కిందికీ ఊపితే ఆట ఉండకూడదు. దీనికి ఉంది. రెండు, క్రాంకు కేసుకు కింది భాగంలో జానెడు చీలిక.

ఈ చీలిక దగ్గరే బండి ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న వచ్చింది. ఇంజను నెంబరు గుద్దేది ఆ క్రాంకు కేసుమీదే. ఒక నగరంలోని వర్క్‌షాపువారికి ఫొటో పంపితే, "పాత కేసు పారేయండి, వేరే కేసు ఇస్తాం, మీ నెంబరు దానిమీద గుద్ది పంపుతాం, ఎవరికీ తెలియదు" అన్నారు. చౌకలో, పది రోజుల్లో పని అయ్యేది. నేను ఒప్పుకోలేదు. నెంబరు మార్చి గుద్దడం నేరం అన్నది ఒక సంగతి. ఆ కేసు పోతే మా బావగారి ఆర్.సి. పుస్తకంలో రాసిన బండి లోకంలో లేనట్టే. మిగిలేది ఆ పేరు పెట్టుకొన్న వేరే బండి. మేస్త్రీ కూడా "అతుకు పడుతుంది సార్, అయితే చేసేవాడు కావాల" అన్నాడు. కేసు అల్యూమినియం మిశ్రమం. మామూలు వెల్డింగు పనికిరాదు, ఆర్గాన్ వెల్డింగు చేయాలి. యాభై ఏళ్ల నూనె లోహంలో ఇంకిపోయి ఉంటుంది గనుక, ముందు బాగా కడిగి, వేడిచేసి, నూనె చెమర్చితే తుడిచి, మళ్లీ వేడిచేసి, చీలిక రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేయాలి, లేకుంటే అతుకు దాటి చీలిక పాకుతుంది. బళ్లారిలో ఒక కుర్రవాడు ఆ పని మూడు రోజులు కూర్చుని చేశాడు. పెట్రోలు పోసి చూస్తే చెమ్మ రాలేదు.

ఇక ఫ్లైవీళ్లు. బుల్లెట్టు ఇంజనులో రెండు బరువైన ఇనుప చక్రాలు, వాటి మధ్య క్రాంకు పిన్ను, దానిమీద రాడ్డు. బుష్షు మార్చాలంటే ప్రెస్సుమీద రెండు చక్రాలను విడదీసి, మళ్లీ కలపాలి. కలిపిన తర్వాత రెండూ ఒకే ఇరుసుమీద తిరగాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా ఇంజను అదురుతుంది, బేరింగులు పాడవుతాయి. టర్నర్ల భాషలో రెండు థౌల లోపు ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. లేత్ మిషను మీద రెండు కొసల మధ్య ఎక్కించి, చేత్తో తిప్పుతూ, అంచుకు సుద్దముక్క దగ్గరగా పట్టుకొంటే ఎత్తున్నచోట సుద్ద అంటుతుంది. ఆ గుర్తుకు ఏ పక్క, ఎంత దెబ్బ, రాగి సుత్తితో కొట్టాలి. ఇదే అసలు విద్య. డయలు గేజి తప్పు ఎంతో చెబుతుంది. దెబ్బ ఎంతో చెప్పదు.

మేస్త్రీ ఆ రోజు గంటన్నర పనిచేశాడు. నేను పక్కన కూర్చుని, సుద్ద ఎక్కడ అంటింది, ఆయన ఎక్కడ కొట్టాడు, గేజి ఎంత చూపింది, ప్రతి దెబ్బకూ ఒక పద్దు రాశాను. మొత్తం 23 దెబ్బలు. ఆయనకు చికాకు వేసి, "ఇదంతా రాస్తే వస్తుందా సార్?" అన్నాడు. రాస్తే రాదు, నిజమే. కానీ రాయకపోతే రావడానికి దారే లేదు అన్నాను. ఆయన కొడుకుల్లో ఒకడు కువైటులో, ఒకడు సెల్‌ఫోను దుకాణంలో. షెడ్డులో నిలిచిన శిష్యుడు లేడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తానే, "అయితే ఇదీ రాయండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. చక్రాలు ఒకదానికొకటి మెలి తిరిగితే ఎక్కడ కొట్టాలి, మధ్య ఎడం ఎక్కువైతే ఏం చేయాలి, తక్కువైతే ఏం చేయాలి. ఆనాటినుంచీ ప్రతి పనికీ తానే "రాసుకున్నారా?" అని అడిగేవాడు.

తక్కిన పనులు త్వరగా చెబుతాను. సిలిండరు అసలు బోరు 70 మిల్లీమీటర్లు. అరుగుదల పోయేటట్టు కోయించి, అర మిల్లీమీటరు ఎక్కువ కొలత పిస్టను వేశాం. వాల్వులు రుద్ది కూర్చోబెట్టాం. విడిభాగాలకు బెంగుళూరు జె.సి. రోడ్డుకు రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు వచ్చే భాగాలు పేరుకు కొత్తవేగానీ కొన్ని కొలతకు సరిపోవు. పాత భాగాన్ని సంచిలో పెట్టుకొని పోయి, పక్కన పెట్టి కొలిచిగాని డబ్బు ఇవ్వకూడదు. రిమ్ములు కొత్తవి, స్పోకులు కొత్తవి. ట్యాంకు లోపల గులకరాళ్లు వేసి కుదిపి తుప్పు రాల్చాం. రంగు మాత్రం బావగారి కాలంనాటి నలుపే. ట్యాంకుమీద బంగారు గీతలు మన ఊరి బోర్డుల పెయింటరు ఒకే ఊపిరిలో చేత్తో గీశాడు. స్టిక్కరు అంటించలేదు.

నిప్పు టైమింగు సంగతి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే ఈ బండ్లు సగం దానివల్లే చెడ్డపేరు తెచ్చుకొన్నాయి. పిస్టను పైకొసకు 0.8 మిల్లీమీటరు చేరేముందు పాయింట్లు విడిపోవాలి. సిలిండరు హెడ్డు బిగించక ముందే ఆ చోటు కొలిచి గుర్తు పెట్టుకొన్నాం. పాయింట్లు విడిపోయే క్షణం కంటికి కనిపించదు. మధ్యలో సిగరెట్టు కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజను తిప్పితే, కాగితం జారిన క్షణమే అది. రూపాయి ఖర్చులేని పరికరం. టైమింగు సరిగా లేని బుల్లెట్టు కిక్కు వెనక్కి తంతే కాలు విరిగినవాళ్లున్నారు.

2023 అక్టోబరులో, పని మొదలైన పద్నాలుగు నెలలకు, ఇంజను అంటుకొంది. మూడో కిక్కుకు. మేస్త్రీ స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, రెండు నిమిషాలు విని, "ట్యాపెట్టు ఒకటి కొంచెం బిగువు" అన్నాడు. కొలిస్తే అంతే ఉంది. నాలుగు రోజుల తర్వాత కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుడిదాకా నడిపించి పూజ చేయించాం. నడిపింది మా మేనల్లుడు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండడం వల్ల వాడికి మొదటి వారం తికమక అయింది. కొత్త పిస్టను గనుక మొదటి 500 కిలోమీటర్లు గంటకు 40 దాటవద్దని చెప్పాం. మా అక్కయ్య మాత్రం బండిని చూసి, "పాకలో పాములు ఇప్పుడు యాడికి పోయినాయో" అంది.

అయితే బండి నడిచినంత మాత్రాన రోడ్డు ఎక్కడానికి అర్హత రాదు. కాగితాల పని మిగిలింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత 25వ నెంబరు ఫారంతో అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. యజమాని చనిపోతే వారసులు మూడు నెలల్లోగా 31వ నెంబరు ఫారంతో తమ పేరుకు మార్పించుకోవాలి. మాకు రెండు గడువులూ ఎప్పుడో దాటినాయి. జరిమానాలు కట్టడానికి సిద్ధపడి మేనల్లుడితో దరఖాస్తు పెట్టించాను. సంబంధిత కార్యాలయంలో కంప్యూటరు చూసి, "ఈ నెంబరు మా రికార్డులో లేదు" అన్నారు. కంప్యూటరులో లేనిది లోకంలో లేనట్టే అని ఈనాటి నమ్మకం. నేను విసుక్కోలేదు. కంప్యూటరుకు ఎక్కించని పాత బైండు రిజిస్టర్లు ఎక్కడో ఉంటాయనీ, 1973 జనవరి రిజిస్టరు చూపించమనీ లిఖితపూర్వకంగా అడిగాను. మూడోసారి వెళ్లినప్పుడు, అక్కడ పనిచేసే చిన్నపిల్ల, జూనియర్ అసిస్టెంటు, రికార్డు గదిలో దుమ్ము దులిపి దాన్ని తెచ్చింది. అట్టకు చెద పట్టింది గాని లోపల కాగితం బాగుంది. నల్లసిరాతో, గుండ్రని అక్షరాలతో, ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు, మా బావగారి పేరు, తండ్రి పేరు, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. కింద పొట్టి సంతకం. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి క్రాంకు కేసుమీది నెంబరును పెన్సిలుతో కాగితంమీదకు రుద్ది తీసుకొని సరిచూశారు. అంకెకు అంకె సరిపోయింది.

అయ్యలారా, ఆ సమయంలో నాకు కలిగిన ఆలోచన మీతో చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకొన్నాను. ఆ గుండ్రని అక్షరాలు రాసిన గుమాస్తా ఎవరో ఎవరికీ తెలియదు. ఆనాడు ఆయన రాసిన వందల పద్దుల్లో ఇది ఒకటి. దీనికి ఎవరూ ఆయనకు దండ వేయలేదు. కానీ యాభై ఏళ్ల తర్వాత ఒక బండి బతికిందంటే ఆయన ఆ పూట అంకెలు సరిగా రాసినందువల్లే. ఆ రోజు మేము కొత్త కేసు వేసి ఉంటే ఆయన రాసిన రాత వృథా అయ్యేది. ఆయన రాయకపోయి ఉంటే మేము అతికించిన అతుకు వృథా అయ్యేది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలు ఆ కోవలోకి వస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషను చేసేవాటికి వి.ఎ. అక్షరాలతో నెంబరు, ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఇదివరకే నెంబరు ఉన్నవాటికి పాత నెంబరే ఉంచుతారు. అయితే అట్లా చేయించుకొంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు వంటి వాటికే. మేము మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకొన్నాం, బండి తిరగాలి గనుక. ఇటు చూస్తే 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి పక్కన పెట్టారు. మనల్ని 58 ఏళ్లదాకా ఉంచారు, మనమే నయం.

ఖర్చు అడుగుతారు గనుక చెబుతున్నాను. విడిభాగాలు 31,000. లేత్, వెల్డింగు, కూలి 12,500. రంగు, క్రోమియం పని 11,000. టైర్లు, ట్యూబులు, బ్యాటరీ 9,500. మొత్తం 64,000 రూపాయలు, ఫీజులు, ఇన్సూరెన్సు కాక. ఇది లాభసాటి పని అని నేను చెప్పను. పెన్షను డబ్బుతో ఈ పని పెట్టుకోవద్దు. మాకు మేనల్లుడు భరించాడు.

ఇళ్లలో పాత చేతక్‌లు, లూనాలు, బుల్లెట్లు ఉన్నవారికి నాలుగు మాటలు. చాలాకాలం నిలిచిన ఇంజనును బలవంతంగా కిక్కు కొట్టవద్దు. బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, లేకుంటే ఆమ్లం కారి చట్రాన్ని తింటుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అది తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. కాబట్టి నెలల తరబడి ట్యాంకులో, కార్బురేటరులో పెట్రోలు నిలవ ఉంచవద్దు. పాత పైపులు మార్పించండి. నాలుగోది కుటుంబ పెన్షను తీసుకొంటున్న సోదరీమణులకు ముఖ్యంగా. కాలం చేసిన భర్త పేరుమీదే స్కూటరు ఉండిపోయి, కొడుకో మనవడో నడుపుతున్నట్లయితే, వెంటనే పేరు మార్పించండి. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర ఆ కాగితమే అడ్డు వస్తుంది. ఫారాలు నింపడానికి మన సంఘం ఆఫీసులో నేను ప్రతి శనివారం ఉదయం కూర్చుంటాను. రుసుము ఏమీ లేదు.

ఇక మొదట చెప్పిన సంబంధం. గత వేసవిలో మేస్త్రీకి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ఫరవాలేదు గాని కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. రాగి సుత్తి పట్టలేడు. మా రిజిస్టరులో ఫ్లైవీళ్ల పేజీలు ఆరు జిరాక్సు తీయించి, బళ్లారి రోడ్డు షెడ్డులో పనిచేసే ఒక కుర్రవాడికి ఇచ్చాను. వాడు ఆ కాగితాలు లేత్ పక్కన అంటించుకొని, మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టుకొని, ఇప్పటికి రెండు ఇంజన్లు కుదిర్చాడు. మొదటిదానికి రెండు రోజులు పట్టింది. రెండోది ఒక పూటలో అయింది. మేస్త్రీ నోటిమాట, నా చేతిరాత, ఆ కుర్రవాడి చెయ్యి, మూడూ కలిస్తేగాని ఒక మనిషి చెయ్యి పని జరగడం లేదు. అయినా జరుగుతున్నది.

ఈ హాలులో లోకో ఫిట్టర్లున్నారు, సర్వేయర్లున్నారు, నర్సులున్నారు, బోరుబావుల పంపులు చూసినవారున్నారు, మోడీ లిపిలో ఉన్న పాత కాగితాలు చదవగలిగినవారు కూడా ఒకరిద్దరున్నారేమో. ఒక్కొక్కరికీ ముప్పై, నలభై ఏళ్ల పని చేతుల్లో ఉంది. అది సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు. అందులో మనం ఎప్పుడు చేరాం, ఎప్పుడు సెలవు పెట్టాం, ఎప్పుడు దిగిపోయాం అన్నదే ఉంది. ఏం నేర్చుకొన్నామో లేదు. కావున కార్యవర్గానికి నా విజ్ఞప్తి. సంఘం ఖర్చుతో ఒక పెద్ద రిజిస్టరు కొని ఆఫీసులో పెట్టండి. ప్రతి సభ్యుడికీ పది పేజీలు. తనకు వచ్చిన పనిలో ఒక్కటి, ఎట్లా చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో రాయాలి. రాయలేనివారు చెబితే నేను రాస్తాను. నా చేతిరాత ఇంకా చదవదగ్గట్టే ఉంది. ప్రతి సంచికలో ఒకరిది మన పత్రికలో అచ్చు వేయవచ్చు. మొదటి పది పేజీలకు లోకో ఫిట్టరుగారిని నేను ఇప్పటికే ఒప్పించాను, విట్‌వర్త్ పానాల లెక్కతో మొదలుపెడతామన్నారు.